మంచులో రోకటి చప్పుడు

ఓబేదు అయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే కళ్ళు మూసుకునేవారు. ఆలోచిస్తున్నారో కునుకు తీస్తున్నారో ఆయన దగ్గర బైబిలు చదువుకున్న మేమే తేల్చుకోలేకపోయేవాళ్ళం. ఒకసారి రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పాస్టరుగారు, పెద్దాయన నిద్రపోయారనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగాక అయ్యగారు కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పారట. అది విన్నది పెరట్లో అంట్లు తోముతున్న మనిషి ఒక్కతే. ఏం చెప్పారని మేం ఎంతడిగినా ఆవిడ నవ్వి ఊరుకునేది.

పని విరమించాక ఆయన కాలువ పక్కన రెండు గదుల ఇంట్లో ఉండేవారు. మధ్యాహ్నం వేళ నీళ్ళ మీద పడ్డ ఎండ వసారా కప్పు మీదికి ఎక్కి, అక్కడ సన్నగా కదులుతూ ఉండేది. దాని కింద కూర్చుంటే నీటి అడుగున కూర్చున్నట్టు ఉండేది. మాటలు కూడా అక్కడ కొంచెం నెమ్మదిగా వచ్చేవి. అలాంటి ఒక మధ్యాహ్నం సలోమి వచ్చింది. ఆమె జబల్పూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. భర్తతో, ఇద్దరు పిల్లలతో అక్కడే కాపురం. తల్లిని చూడటానికి సెలవు మీద వచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు అయ్యగారికి వందనాలు చెప్పి పోదామని వచ్చింది. వందనాలు చెప్పడమైతే అయింది గాని లేవలేదు. చాపకొనను మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"అయ్యగారూ, నాది పాపమో కాదో మీరే చెప్పాలి" అంది చివరికి. "మా క్వార్టర్సులో పక్కింటావిడా నేనూ ఒకే గోడకి అటొకరం, ఇటొకరం. ఆవిడ పిల్లలు మా ఇంట్లో అన్నం తింటారు. మా పిల్లలు వాళ్ళింట్లో నిద్రపోతారు. వాళ్ళ అత్తగారు మంచాన పడితే పుళ్ళు కడిగింది నేనే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచి ప్రభువు గురించి చెప్పలేదు. ఇవాళ చెబుదామని వెళ్తాను. పప్పులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో మాట్లాడి తిరిగొస్తాను."

మాలో ఏసుపాదం అనేవాడికి నోరు ఊరుకోదు. "అయితే సిస్టరుగారు అక్కడ ఇంగువ సువార్త చేస్తున్నారన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. సలోమి నవ్వలేదు.

"నవ్వండి, మీకేం? మీకిక్కడ గుడి ఉంది, గంట ఉంది. మీ పిల్లలు నిద్రలో కూడా పాటలు వింటారు. అక్కడ మా పిల్లలు చూసేది నన్నొక్కదాన్నే. మొన్న మా చిన్నది అడిగింది, 'అమ్మా, మనం దేవుణ్ణి ఇంట్లోనే ఎందుకు దాచుకుంటాం?' అని. ఇలా కాదని మర్నాడు బ్యాగులో కరపత్రాలు పెట్టుకుని ఆవిడ తలుపు కొట్టాను. ఆవిడ తలుపు తీసి, 'రా రా, ఇప్పుడే నిన్ను తలుచుకుంటున్నా' అంది. ఆ ముఖం చూస్తే సిగ్గేసింది అయ్యగారూ. ఇన్నాళ్ళూ చేసిన స్నేహమంతా ఈ కాగితాల కోసమే అనుకుంటుందేమోనని వాటిని అలాగే వెనక్కి తెచ్చేశాను. చెప్పకపోతే ప్రభువుకి ద్రోహం. చెబితే ఆవిడకి ద్రోహంలా ఉంది. ఈ రెంటి మధ్య నా పిల్లలు నన్ను చూసి మౌనం నేర్చుకుంటున్నారు. నేనేం చెయ్యను?"

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. కప్పు మీద వెలుతురు ఆయన నెరిసిన తల వైపు పాకి, మళ్ళీ వెనక్కి పోయింది. కాలువలో ఎవరో గేదెను అదిలిస్తున్న కేక దూరంగా వినబడి ఆగిపోయింది. సలోమి మావైపు చూసింది, ఉండనా పోనా అన్నట్టు. ఉండమని సైగ చేశాం. అప్పుడాయన, ఎక్కడో మధ్యలో ఆపిన కథను అందుకున్నట్టు మొదలుపెట్టారు. ఆయన చెప్పింది దాదాపుగా ఇది. ప్రతి మాటా ఆయనదేనని ప్రమాణం చెయ్యలేను. జరిగిన వరస మాత్రం నేను మార్చలేదు.

గోదారి సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన ఒక రేవు ఉంది. రేవుకి ఇవతల గట్టు, గట్టు మీద ప్రభువును నమ్ముకున్నవాళ్ళ పేట. అవతల, నీళ్ళ మధ్య, లంక. లంకలోవాళ్ళు పాలూ కూరగాయలూ పట్టుకుని రోజూ పొద్దున్నే తమవాడే అయిన పోలారావు పడవలో ఇవతలికి వచ్చేవాళ్ళు. రేవుకి ఎదురుగా మొదటి గుడిసె దీనమ్మది. భర్త పోయినప్పటి నుంచి దంచడమే ఆమె బతుకు. మామూలు రోజుల్లో కారం, పసుపు. క్రిస్మసు నెల వచ్చిందంటే అరిసెల పిండి. మరపిండితో చేసిన అరిసె అరిసే కాదని పేటలోవాళ్ళకీ పట్టింపే, లంకలోవాళ్ళకీ పట్టింపే. అందుచేత ఆ నెలంతా చీకటి విడకుండానే దీనమ్మ వాకిట్లో రోలు మోగుతూ ఉండేది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కాబట్టి అది ఎవరి చెవికీ ప్రత్యేకంగా ఆనేది కాదు, ఎవరి గుండె చప్పుడు వాళ్ళకి ఆననట్టే.

ఆ పేటకి వాక్యం చెప్పడానికి తీతు అనే కుర్ర ఉపదేశి వచ్చాడు. మంచివాడు. ప్రభువంటే ప్రాణం. వచ్చి ఏడాది కావస్తున్నా కొత్తవాళ్ళు ఒక్కరూ మందిరం గడప తొక్కలేదని అతనికి దిగులు. తన గొంతు గట్టు దిగటం లేదనుకున్నాడు. ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవర్నో బతిమాలి, ఒక మైకుసెట్టు సంపాదించాడు. మందిరం పక్కన తాటిమొద్దు పాతి, నాలుగు గొట్టాలూ నాలుగు దిక్కులకి తిప్పి కట్టాడు, ఏ దిక్కువాడూ వినలేదని తీర్పు రోజున అనకూడదు కదా. ఇక తెల్లవారగట్లే పాటలూ వాక్యాలూ. ఎవరూ దెబ్బలాడలేదు. ఎవరూ రానూ లేదు. పోలారావు మాత్రం ఒకనాడు రేవులో నిలబడి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పుతూ అడిగాడు.

"ఏవండీ ఉపదేశిగారూ, మీ దేవుడికి చెముడా అండీ? అంతంత కేకలేత్తన్నారు."

"దేవుడి కోసం కాదండి పోలారావు గారూ. మీ కోసం."

"నాకు చెముడు లేదండి. ఆయ్, ఇవాల్టిదాకా లేదు" అని పడవెక్కి పోయాడు.

క్రిస్మసు దగ్గర పడింది. ఒక పొద్దున్న మంచు దిగింది. దిగిందంటే, ఆకాశం వచ్చి ఏటి మీద పడుకున్నట్టు. గట్టు లేదు, లంక లేదు, నీళ్ళు ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చెయ్యి చాపితే వేళ్ళు వేరే ఎవరివో అన్నట్టు కనబడతాయి. అలాంటి పొద్దున్న పడవ తియ్యకూడదని పోలారావుకి తెలియక కాదు. కానీ అతని కూతురు పురిటికి వచ్చి ఇంటి దగ్గరే ఉంది. ఆమె ఒళ్ళో నెలల పిల్ల రాత్రంతా జ్వరంతో కాలిపోయి, తెల్లారేసరికి ఏడవడం కూడా మానేసింది. డాక్టరు ఇవతలి గట్టున ఉన్నాడు. ఏడ్చే పిల్లతో ఆగవచ్చు గాని, ఏడుపు మానేసిన పిల్లతో ఆగడం ఎలా? కూతుర్నీ మనవరాల్నీ ఎక్కించుకుని తాడు విప్పేశాడు.

కొంతదూరం వచ్చాక పడవ తోసే గెడ అడుక్కి అందలేదు. అంటే ఏటి నడుమకి వచ్చారన్నమాట. అది సముద్రం నీళ్ళని తనవైపు లాక్కునే వేళ. పడవ తనంతట తానే పక్కకి జరుగుతున్నట్టు అతని అరికాళ్ళకి తెలుస్తోంది. రేవు తప్పితే ఆ తరవాత మరి రేవు లేదు, సముద్రమే. "ఓయ్! రేవెటూ?" అని కేకేశాడు. మంచు ఆ కేకను దూదిలా చుట్టి కింద పెట్టేసింది. మళ్ళీ అరిచాడు.

మందిరంలో పాట పెట్టబోతున్న తీతుకి ఆ రెండో కేక అందింది. దేవుడు ఈ మైకు ఇందుకోసమే ఇచ్చాడని అతనికి ఒళ్ళు జలదరించింది. పాట మాని తానే పలికాడు. మైకు మిషను మీద ఉన్న బొత్తాం ఎంత తిరుగుతుందో అంతా తిప్పాడు. "ఇటు రండి! భయపడకండి! ఇటు రండి!" అన్నాడు. ఆ గొంతులో కన్నీళ్ళున్నాయి. అయితే గొట్టాలు నాలుగు. నాలుగూ నాలుగు వైపులకి పలికాయి. ఒక 'ఇటు' గట్టుకి తగిలి తిరిగొచ్చింది. ఒక 'ఇటు' సరుగుడు తోటలో దూరి ఆలస్యంగా బయటికి వచ్చింది. ఒకటి లంకదాకా పోయి, వెనక నుంచి వచ్చి పిలిచింది. పోలారావు ముందుకి వేసిన తెడ్డు వెనక్కి వేశాడు, వెనక్కి వేసింది పక్కకి వేశాడు. తీతు ఎంత ప్రేమగా పిలిస్తే పడవ అంతగా గుండ్రంగా తిరిగింది.

అప్పుడు మందిరం గుమ్మంలో దీనమ్మ కనబడింది. మోచేతుల దాకా పిండి. మంచులో ఆ పిండి చేతులే ముందు కనబడ్డాయి, ఆమె తరవాత.

"తీతు బాబూ, ఆ పెట్టెని కాసేపు ఆపుతావా? నా రోకలి నాకే ఇనబడ్డం లేదు. పేర్లు తప్పిపోతన్నాయి. సెప్పినోళ్ళనే మల్లీ సెబుతన్నాను."

ఏ పేర్లని అతను అడగలేదు. అంత తీరిక లేదు. "మామ్మా, ఏట్లో ఎవరో దారి తప్పారు. ప్రాణాలు పోతుంటే నీ పిండి గోలేంటి?"

"అయ్యో" అందామె. "ఎవరు బాబూ?"

"ఎవరో ఎలా తెలుస్తుంది? మంచు కదా."

"ఎవరో తెలిత్తే బాగుండును" అని గొణుక్కుంటూ ఆమె గబగబా వెనక్కి పోయింది.

తీతు మళ్ళీ పిలిచాడు. పిలిచి, పిలుపుకి పిలుపు దగ్గరగా వస్తోందో లేదో విందామని ఒక్క క్షణం మిషను కట్టేశాడు. ఒక్కసారిగా లోకం ఖాళీ అయినట్టయింది. మంచు చెట్ల ఆకుల మీద నుంచి బొట్టుబొట్టుగా రాలుతున్న చప్పుడు, దాని వెనక ఏరు ఊపిరి పీలుస్తున్న చప్పుడు. ఆ తరవాత, కిందగా, దుం అని ఒకటి. కాసేపటికి మళ్ళీ దుం. మెత్తగా, తడిగా, ఒకే చోటి నుంచి.

మంచు లోపల ఒక ఆడగొంతు అంది: "నాన్నా, అదుగో. దీనమ్మత్త రోలు."

తీతు మిషను మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో తనకే తెలియదని తరవాత అయ్యగారితో అన్నాడట. చెయ్యి అలాగే ఉంచి విన్నాడు. తెడ్డు నీళ్ళలో పడుతున్న చప్పుడు ఇప్పుడు తడబడటం లేదు. రోకలి పడిన తరవాత తెడ్డు, తెడ్డు పడిన తరవాత రోకలి.

దగ్గరికి వచ్చేకొద్దీ పోలారావుకి ఇంకో సంగతి వినబడింది. దంచేవాళ్ళు రోకలి దించినప్పుడల్లా 'హుఁ' అని ఊపిరి వదులుతారు. దీనమ్మకి ఆ ఊపిరి చోట ఒక మాట వస్తోంది. చిట్టెమ్మ, అంటుంది, దుం. ఏసోబు, దుం. సుబ్బాయమ్మ మోకాలు, దుం. తీతుబాబు దిగులు, దుం. పడవ ఇసకకి తగిలినా ఆమె ఆపలేదు. అంత మంచులో పడవ వచ్చినట్టే ఆమెకి తెలియదు. పోలారావు, దుం. నూకరత్నం, దుం.

నూకరత్నం అతని మనవరాలి పేరు. పేరు పెట్టి ఎన్నాళ్ళో కాలేదు. ఇంటి గడప దాటి ఇంకా ఎవరి నోటా ఆడలేదనే అతను అనుకున్నాడు. కూతురు పిల్లని గుండెకి హత్తుకుని గట్టెక్కి డాక్టరు ఇంటివైపు పరుగెత్తుతుంటే, అతను తాడు చేతిలో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. తరవాత కూతురి వెనకే పరుగెత్తాడు.

సాయంత్రానికి మంచు లేదు. ఏరు తన గట్లు తనకి తెచ్చుకుని మామూలుగా ఉంది. దీనమ్మ తీతుని పిలిచి, వాకిట్లో పీట వేసి, మొదటి వాయి అరిసెలు పెట్టింది. తాటిమొద్దు మీంచి విప్పిన వైరు అతను చుట్ట చుడుతున్నాడు. ఎందుకు విప్పావని ఆమె అడగలేదు. అంతలో పోలారావు వచ్చాడు. వాకిట్లోకి రాకుండా, అవతలికి పోకుండా, మధ్యన నిలబడ్డాడు.

"పిల్లకెలా ఉంది తమ్ముడూ?" అంది దీనమ్మ.

"సూది పొడిసేరు. పాలు తాగింది. ఇందాకా ఏడిసింది కూడానూ" అన్నాడు, ఏడవడం గొప్ప విద్య అయినట్టు. "అక్కా, పొద్దున్న నన్ను పిలిసేవా?" అన్నాడు.

"లేదే. నువ్వెక్కడున్నావో నాకేం తెలుసు?"

"నా పేరు ఇనబడింది. మా సంటిదాని పేరూ ఇనబడింది."

"ఓ, అదా! రోజూ సెప్పేదే. సంటిదాని పేరు నిన్ననే సేరింది. నువ్వే కదా రేవులో అన్నావు, మా నూకరత్నానికి ఒళ్ళు కాలిపోతందని."

"నా పేరు ఎప్పట్నించి?"

ఆమె జల్లెడ పక్కన పెట్టి ఆలోచించింది. "నువ్వు పడవ కొన్నప్పట్నించి. నీళ్ళ మీద తిరిగేవోడివి కదా."

ఆ పడవ ఎప్పుడో కుళ్ళిపోయింది. తరవాత కొన్నది కూడా ఇప్పుడు అతుకులతో నడుస్తోంది. పోలారావు వంగి కాలికి అంటిన ఇసక దులుపుకున్నాడు. అంటని ఇసక కూడా దులుపుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఎవరికి సెబుతావక్కా?"

తీతు చేతిలో వైరు చుట్ట ఆగిపోయింది. ఈ ఒక్క మాట ఎవరైనా తనని అడుగుతారని అతను ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

అంతవరకూ చెప్పి అయ్యగారు ఆగారు. ఆగినట్టు మాకు తెలియడానికి కొంతసేపు పట్టింది. వసారా కప్పు మీద వెలుతురు పలచబడి గోడ మీదికి దిగింది.

"తరవాతేమైందండి?" అన్నాడు ఏసుపాదం. "పోలారావు బాప్తిస్మం తీసుకున్నాడా?"

"పడవ నడుపుకున్నాడు" అన్నారు అయ్యగారు.

సలోమి చాపకొన వదిలేసింది. ఆమె ముఖంలో ఊరట లేదు, ఇంకా తేలని లెక్కే ఉంది. "అయితే నేను నోరు తెరవక్కరలేదంటారా అయ్యగారూ? పిల్లలకేం చెప్పను? దీనమ్మ అడిగించుకుంది. నన్నెవరూ అడగరే!"

ఆయన కళ్ళు తెరవలేదు. "ఇందాకటి నుంచీ పక్కింటావిడ, పక్కింటావిడ అంటున్నావు. ఆవిడకి పేరు లేదా తల్లీ?"

"ఉందండి. ఊర్మిళ" అంది సలోమి. అని ఆగలేకపోయింది. "ఊర్మిళ. ఆవిడ అత్తగారు కౌసల్యాబాయి, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. పెద్దపిల్ల జ్యోతి, దానికి చీకటంటే భయం. చిన్నవాడు గుడ్డూ, అన్నం సరిగా తినడు, నేను కలిపి పెడితేనే తింటాడు. వాళ్ళాయన పేరు రాంస్వరూప్, తాగుతాడండి, ఆవిడ నాకొక్కదానికే చెప్పింది..." అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గించుకుంది. ఎవరితోనూ ఎన్నడూ అనని మాటలని ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది.

అయ్యగారు చెయ్యి కొంచెం పైకెత్తి, మెల్లగా ఆపారు.

"ఈ పేర్లు చెప్పాల్సింది నాకు కాదమ్మా" అన్నారు.